ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా అమెరికా వెళ్తున్నారా? అక్కడి ఊళ్ళో వాలంటీర్ పని ఇలా మొదలుపెట్టండి

ఏటా జూన్, జులై వచ్చేసరికి కావలి, కందుకూరు, ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. పిల్లలు అడిగేది: "అక్కడ వాలంటీరింగ్ చేయాలంటున్నారు సార్, ఎక్కడికెళ్ళి అడగాలి?" తల్లిదండ్రులు అడిగేది: "చదువుకోను పంపిస్తే ఊడిగం చేయిస్తారా ఏంది? వీసాకేమన్నా ఇబ్బందా?" కాలేజీలో ఎన్ఎస్ఎస్ పనులు చూసుకుంటూ, వెళ్ళొచ్చిన పిల్లలతో మాట్లాడుతూ నేను తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఇది ముఖ్యంగా రెండు రకాల వాళ్ళకి. ఒకటి, హైస్కూల్ వయసులో హోస్ట్ ఫ్యామిలీ ఇంట్లో ఉండి ఏడాది చదివే పిల్లలు. అమెరికా విదేశాంగ శాఖ 2002లో మొదలుపెట్టిన కెన్నెడీ-లూగర్ వైఈఎస్ ప్రోగ్రామ్ అలాంటిదే. రెండు, ఒక సెమిస్టరో రెండో అక్కడి కాలేజీలో చదవడానికి వెళ్ళే డిగ్రీ, బీటెక్ విద్యార్థులు. ఎంఎస్‌కి ఎఫ్-1 వీసా మీద వెళ్ళేవాళ్ళకీ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందే ఒక మాట. పెద్ద ప్రాజెక్టులు, బ్యానర్లు, ఫొటోలు వద్దు. ఒకే చోటు పట్టుకోండి, వారానికి రెండు గంటలు, ఏడాదంతా మానకుండా వెళ్ళండి. కింద చెప్పేదంతా దాన్ని నిలబెట్టుకోవడానికే.

దగ్గర ఉంచుకోవలసినవి

- డీఎస్-2019, అంటే ఎక్స్ఛేంజ్ వాళ్ళ జే-1 వీసాకి ఇచ్చే పత్రం (ఎఫ్-1 స్టూడెంట్ వీసా వాళ్ళయితే ఐ-20), మీ ప్రోగ్రామ్ వాళ్ళిచ్చిన రూల్స్ పుస్తకం.
- టీకాల రికార్డు, ఇంగ్లీషులో, తేదీలతో. చిన్నప్పటి పసుపు కార్డు చూపిస్తే అక్కడ ఎవరికీ అర్థం కాదు. ఇక్కడే డాక్టర్ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.
- ఇన్సూరెన్స్ కార్డు. జే-1 వాళ్ళకి ఒక్కో జబ్బుకి, ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల కవరేజి ఉండాలన్నది నిబంధన.
- ముందుభాగం మూసి ఉన్న బూట్లు. గోడౌన్లలోకి చెప్పులతో రానివ్వరు.
- చిన్న నోట్‌బుక్.

సోషల్ సెక్యూరిటీ నంబర్ అక్కర్లేదు. కొన్ని దరఖాస్తుల్లో ఆ గడి ఉంటుంది. "నాకు లేదు, పాస్‌పోర్ట్ ఉంది" అని చెప్పండి. అంతేగానీ ఏదో ఒక నంబర్ రాసేయడం, ఫ్రెండ్ నంబర్ వాడటం నేరం.

1. ఇక్కడ ఉన్నప్పుడే చేయి తిరగనివ్వండి

ఎన్ఎస్ఎస్‌లో ఉంటే మంచిదే. రెండేళ్ళలో 240 గంటలు, 7 రోజుల స్పెషల్ క్యాంపు పూర్తి చేసిన సర్టిఫికెట్ అక్కడ దరఖాస్తులో రాసుకోవచ్చు. లేకపోతే వెళ్ళేలోపు రెండు మూడు నెలలు రక్తదాన శిబిరంలోనో, మొహర్రం అప్పుడు రొట్టెల పండగ రద్దీలో మంచినీళ్ళు అందించే చోటో నిలబడండి. చెప్పిన టైముకి వెళ్ళడం, చెప్పిన పని చేసి రావడం అలవాటయితే చాలు.

2. వీసా గీత ఎక్కడుందో తెలుసుకోండి

ఎక్కువ టెన్షన్ దీని మీదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

లాభాపేక్ష లేని సంస్థలోనో, స్కూలు, పబ్లిక్ లైబ్రరీ, గుడి, చర్చి లాంటి చోటో చేయాలి. ఆ పని అక్కడ మామూలుగా అందరూ ఉచితంగానే చేసేదై ఉండాలి. డబ్బుగానీ, డబ్బుకి బదులుగా ఇంకేదిగానీ ఆశించకూడదు. ఈ మూడూ ఉంటే అది వాలంటీరింగ్. మూడిట్లో ఏది తప్పినా అనుమతి లేని ఉద్యోగం కింద లెక్కగట్టవచ్చు. అప్పుడు ప్రోగ్రామ్ నుంచి తీసేసి ఇంటికి పంపించడం, ముందు ముందు వీసా దగ్గర ఇబ్బంది పడటం దాకా పోతుంది.

మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. తెలిసినవాళ్ళ రెస్టారెంట్లో, కిరాణా షాపులో, గ్యాస్ స్టేషన్లో "ఊరికే సాయం చేస్తున్నా, జీతం తీసుకోవడం లేదు కదా" అంటారు. లాభం కోసం నడిచే వ్యాపారంలో వాలంటీర్ అనే మనిషే ఉండడు. 1938 నాటి అక్కడి కార్మిక చట్టం (ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్) దానికి ఒప్పుకోదు. జీతం బదులు భోజనం, అద్దెలో తగ్గింపు, గిఫ్ట్ కార్డు ఇచ్చినా అది ప్రతిఫలమే. జీతం లేని ఇంటర్న్‌షిప్‌ని కూడా వాలంటీరింగ్ అని పిలవకండి. ఆ దారి వేరు, దానికి కావలసిన అనుమతులు వేరు.

అమెరికోర్ అనే పేరు వినపడుతుంది. సేవా కార్యక్రమమే గానీ అందులో భత్యం ఇస్తారు, అక్కడి పౌరులకి, శాశ్వత నివాసులకే అవకాశం. ఎక్స్ఛేంజ్ విద్యార్థులకి కాదు. ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డుకీ ఇదే షరతు. దాని కోసం గంటలు లెక్కబెట్టి నిరాశపడకండి.

హైస్కూల్ పిల్లలైతే ప్రోగ్రామ్ తరఫున అక్కడ మిమ్మల్ని చూసుకునే లోకల్ కోఆర్డినేటర్‌ని, కాలేజీవాళ్ళయితే ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ ఫైల్ చూసే అధికారిని ఈమెయిల్‌లో అడగండి: "ఫలానా సంస్థలో, ఫలానా పని, వారానికి ఇన్ని గంటలు, డబ్బు లేదు. చేయవచ్చా?" జవాబు దాచుకోండి. నోటి మాట చాలదు.

బ్రిటన్ వెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక. అక్కడ ఒప్పందం లేకుండా స్వచ్ఛందంగా చేసే సాయాన్నీ, ఒప్పందంతో బాధ్యతగా చేసే 'వాలంటరీ వర్క్'నీ వేరుగా చూస్తారు. రెండోది స్టూడెంట్ వీసా మీద వారానికి ఇన్ని గంటలని ఉండే పని పరిమితిలోకి వస్తుంది. యూనివర్సిటీని అడగకుండా సంతకం పెట్టకండి.

3. ఆ ఊరికి ఏం కావాలో అడగండి

మన పిల్లల్లో ఉత్సాహవంతులు దిగగానే "నేను ఇది మొదలుపెడతాను" అంటారు. ఆగండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రిబళ్ళలో పాఠం చెప్పింది ఊళ్ళల్లో ఉండే వాలంటీర్లే. దూబగుంట ఆడవాళ్ళు అక్కడ కూర్చుని అక్షరాలతో పాటు సారా వల్ల ఇంట్లో పడుతున్న బాధ మాట్లాడుకున్నారు. ఆ బాధ వాళ్ళ నోటి నుంచే వచ్చింది కాబట్టి 1992లో అది ఉద్యమమై రాష్ట్రమంతా పాకింది. పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాడైనా సరే, ముందు వినాలి. మీరు పక్క ఖండం నుంచి వెళ్తున్నారు.

ఎవరిని అడగాలి? స్కూల్ కౌన్సెలర్, కాలేజీలో వాలంటీర్ సెంటర్, పబ్లిక్ లైబ్రరీ నోటీసు బోర్డు, హోస్ట్ ఫ్యామిలీ. వీళ్ళెవరి దగ్గరా తేలకపోతే 211కి ఫోన్ చేయండి. చాలా ప్రాంతాల్లో స్థానిక సేవా సంస్థల వివరాలు ఆ నంబర్‌లో చెబుతారు. "ఇక్కడ మనుషులు చాలక ఇబ్బంది పడుతున్న చోటు ఏది?" అని అడిగితే చాలు.

4. చోటు ఎంచుకోండి

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఫుడ్ ప్యాంట్రీ. ఫుడ్ బ్యాంక్ అంటే పెద్ద గోడౌన్, ప్యాంట్రీ అంటే అక్కడి నుంచి సరుకు తెచ్చి ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకి ఇచ్చే చోటు. ఇంగ్లీషు తడబడినా పని ఆగదు. నెల తిరిగేసరికి ఆ ఊరి మనుషులందరూ తెలుస్తారు.

మొదట ఇచ్చే పని డబ్బాలు ఏరడం. టిన్ను చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పండి. మూత అంచు దగ్గరో, నిలువు అతుకు దగ్గరో సొట్ట ఉంటే పక్కన పెట్టేయాలి. ఉబ్బినది, కారేది, లోతుగా తుప్పు పట్టినది చెత్తలోకే. పక్కల్లో చిన్న సొట్ట ఉంటే ఫర్వాలేదు. 'బెస్ట్ బై' తేదీ దాటింది కదా అని పారేయకండి. అది నాణ్యతకి సంబంధించిన తేదీ, చెడిపోయిందని కాదు. పసిపిల్లల పాలపొడి మాత్రం తేదీ దాటితే ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు. ఏది ఎన్నాళ్ళు ఇవ్వచ్చో ఒక్కో చోట ఒక్కో చార్టు ఉంటుంది. అనుమానం వస్తే అడగండి, మీ అంచనా మీద పోవద్దు.

గొడ్డు మాంసం, పంది మాంసం డబ్బాలు కూడా చేతికొస్తాయి. ముట్టుకోలేననుకుంటే మొదటి రోజే చెప్పండి, కూరగాయల వైపో రిజిస్టర్ దగ్గరో పని ఇస్తారు. మధ్యలో ముఖం చిట్లిస్తే ఆ తిండి కోసం వరసలో నిలబడ్డ మనిషి నొచ్చుకుంటాడు.

లైబ్రరీ: చిన్నపిల్లలకి కథలు చదవడం, పుస్తకాలు సర్దడం, కొత్తగా వచ్చిన కుటుంబాలతో ఇంగ్లీషు మాట్లాడే గంట. పిల్లలున్న చోట పెద్దవాళ్ళకి బ్యాక్‌గ్రౌండ్ చెక్ (పాత నేరాలేమన్నా ఉన్నాయేమో చూడటం) ఉంటుంది, దానికి వారాలు పట్టవచ్చు. ఏ పిల్లాడితోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకండి. మీ మీద అనుమానం ఉండి కాదు, అక్కడ అందరికీ అదే పద్ధతి.

వృద్ధాశ్రమం, ఆసుపత్రి: టీబీ పరీక్ష అడుగుతారు. మనకి చిన్నప్పుడు బీసీజీ వేసి ఉంటారు కాబట్టి చర్మం మీద చేసే పరీక్షలో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. బీసీజీ వేయించుకున్నానని ముందే చెప్పి రక్తపరీక్ష (ఇగ్రా) అడగండి. ఇది తెలియక ఎక్స్‌రేల చుట్టూ తిరిగి, ఇంట్లోవాళ్ళని కంగారుపెట్టిన పిల్లలున్నారు.

రక్తదాన శిబిరం: రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర, బిస్కెట్లు, జ్యూస్ ఇచ్చే దగ్గర నిలబడవచ్చు. రక్తం మాత్రం తీసుకోరు. మలేరియా ఉన్న దేశంలో ఏళ్ళ తరబడి ఉండి వచ్చినవాళ్ళని 3 ఏళ్ళు ఆగమంటారు. మిమ్మల్ని తక్కువ చేశారని అనుకోకండి.

చాలా ప్యాంట్రీలు చర్చిలే నడుపుతాయి. ముందు చిన్న ప్రార్థన ఉంటే మౌనంగా నిలబడితే చాలు. ఆదివారం రమ్మని పిలిస్తే వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇష్టం.

5. దరఖాస్తు చేయండి

ఫామ్ నింపి ఊరుకోకండి. చిన్న మెయిల్ రాయండి: పేరు, ఎక్కడ చదువుతున్నారు, ఎప్పటిదాకా ఉంటారు, వారంలో ఏ రోజు ఏ గంటలు ఖాళీ, ఎలా రాగలరు. నాలుగైదు వాక్యాలు. "ఏ పనైనా చేస్తాను" అనకండి, ఎవరికీ ఉపయోగపడదు. "శనివారం పొద్దున 9 నుంచి 11 దాకా మే నెల వరకు రాగలను" అంటే వెంటనే పేరు రాసుకుంటారు. వారంలో జవాబు రాకపోతే ఫోన్ చేయండి. అడిగించుకోవడం వాళ్ళకి విసుగు కాదు.

పద్దెనిమిది నిండనివాళ్ళకి, దెబ్బ తగిలితే సంస్థది బాధ్యత కాదని రాసుండే పత్రం మీద పెద్దవాళ్ళ సంతకం కావాలి. హోస్ట్ పేరెంట్స్ పెట్టవచ్చా, ఇక్కడి అమ్మానాన్నలు పెట్టాలా అన్నది లోకల్ కోఆర్డినేటర్‌ని అడగండి. మీరే పెట్టేయకండి.

ఆగస్టు, సెప్టెంబర్‌లోనే చేరండి. నవంబర్, డిసెంబర్‌లో పండగల వేళ వాలంటీర్లు ఎక్కువై కొన్నిచోట్ల వెనక్కి పంపుతారు. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ దినం. 1994 నుంచి దాన్ని సేవా దినంగా కూడా జరుపుతారు, ఆ రోజూ జనమే. ఆ తర్వాత మనుషులు దొరకరు. సింగరాయకొండ వైపు అబ్బాయి ఒకడు ప్యాంట్రీలో మొదట్నుంచీ అట్టపెట్టెలు చదును చేసి కట్టలు కట్టే పనే చేశాడు. ఫిబ్రవరిలో మిగతావాళ్ళు మానేసినా వీడు మానలేదు. అప్పటి నుంచి కొత్తవాళ్ళకి పని చూపించే బాధ్యత వీడికిచ్చారు.

6. మొదటి రోజు

ఐదు నిమిషాలు ముందే ఉండండి. రిజిస్టర్‌లో వచ్చిన టైము రాయండి. మీ పేరు ఎలా పలకాలో నిదానంగా రెండుసార్లు చెప్పండి. డెబ్బై ఏళ్ళాయన కూడా "నన్ను పేరు పెట్టి పిలువు" అంటాడు, పిలవండి. అది అమర్యాద కాదు. తల ఊపడంతో సరిపెట్టకండి. మన ఊపు వాళ్ళకి అవునో కాదో తెలియదు, నోటితో చెప్పాలి. అర్థం కాకపోతే "ఇంకోసారి చూపించండి" అనండి. అర్థమైనట్టు నటించి తప్పు చేస్తే పని రెండింతలవుతుంది.

బాత్‌రూమ్ కడగమన్నా, నేల తుడవమన్నా కడగండి. అక్కడ రిటైరైన డాక్టర్, స్కూల్ ప్రిన్సిపాల్ కూడా అదే చీపురు పడతారు. తల్లిదండ్రులకి నా మనవి: వీడియో కాల్‌లో పిల్లలు ఇది చెప్పినప్పుడు "నీకేం ఖర్మ" అనకండి. ఆ ఒక్క మాటతో పిల్లవాడు మరుసటి వారం నుంచి మానేస్తాడు.

ఫోన్ జేబులోనే ఉండాలి. సాయం తీసుకోవడానికి వచ్చినవాళ్ళ ఫొటో, పిల్లల ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. సంస్థ వాళ్ళు వెంటనే పంపించేయవచ్చు. మీ క్లాస్‌మేట్ తల్లి ప్యాంట్రీలో కనబడితే మర్నాడు స్కూల్లో ఆ మాట ఎత్తకండి, హోస్ట్ ఇంట్లోనూ చెప్పకండి.

7. మానకుండా వెళ్ళే ఏర్పాటు

హైస్కూల్ ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్‌లు మామూలుగా కారు నడపనివ్వవు. చిన్న ఊళ్ళల్లో బస్సు ఉండదు. కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడే ఎవరు తీసుకెళ్తారో తేల్చుకోండి. నడిచో సైకిల్ మీదో వెళ్ళగలిగిన చోటైతే అన్నిటికన్నా మేలు. లేదా అదే షిఫ్టుకి వచ్చే ఇంకో వాలంటీర్‌ని అడగండి, అదీ హోస్ట్ ఫ్యామిలీకి చెప్పే.

రాలేని రోజు ఉంటే కనీసం ముందురోజు చెప్పండి. చెప్పకుండా మానేయడం అక్కడ క్షమించరు. మన పెళ్ళిళ్ళల్లో ఒకరు రాకపోయినా ఇంకొకరు వడ్డించేస్తారు, అక్కడ రెండు గంటల షిఫ్టుకి లెక్కగా నలుగురినే పెట్టుకుంటారు. పరీక్షలుంటే రెండు వారాల ముందే తేదీలు ఇచ్చేయండి.

8. మన ఊరి గురించి చెప్పే అవకాశం వస్తే

నవంబర్‌లో ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ వీక్ ఉంటుంది, 2000లో మొదలైంది. స్కూళ్ళు, లైబ్రరీలు మాట్లాడమంటాయి. భారతదేశమంతా పది నిమిషాల్లో చెప్పబోయి తాజ్‌మహల్ దగ్గర ఆగిపోకండి. మీ ఊరు చెప్పండి. టెక్సాస్, ఫ్లోరిడా పశువుల పెంపకందారుల పిల్లలకి అమెరికన్ బ్రాహ్మన్ అనే మూపురం పశువు బాగా తెలుసు. దాన్ని తయారుచేయడంలో ఒంగోలు జాతి కూడా కలిసింది. బ్రెజిల్ మేత బీళ్ళల్లో కనిపించే నెలోర్ పశువులూ మనవే. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరు అలా వచ్చింది. గిత్త ఫొటో ఒకటి చూపించి ఈ మాట చెబితే వెనక బెంచీ పిల్లాడు కూడా లేస్తాడు. రొట్టెల పండగ చెప్పండి: స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తే ఆ కోరికే ఉన్నవాళ్ళు తీసుకోవడం, అందులో అన్ని మతాల వాళ్ళూ ఉండటం. చిన్నపిల్లలకైతే రంగు చాక్‌పీసులిచ్చి సిమెంటు నేల మీద చుక్కల ముగ్గు వేయించండి.

తినేవి మాత్రం అడక్కుండా తీసుకెళ్ళకండి. వేరుశనగ పడని పిల్లలు అక్కడ చాలామంది, ప్రాణం మీదికి వస్తుంది. పల్లీ ఉండలు, పల్లీ పొడి బడికి అసలు వద్దు. ప్యాంట్రీలు ఇంట్లో వండినవి సాధారణంగా తీసుకోవు.

సరిగ్గా సాగుతోందో లేదో చూసుకోవడం

రెండు నెలలయ్యాక ఇవి చూడండి. మీరు అడక్కుండానే వచ్చే నెల షెడ్యూల్‌లో మీ పేరు ఉందా? వెళ్ళగానే పని వెతుక్కోగలుగుతున్నారా, ఎవరైనా చెప్పేదాకా నిలబడుతున్నారా? అక్కడి వాలంటీర్లలో ఇద్దరి పేర్లు, వాళ్ళ ఇంటి సంగతులు తెలుసా? ఇవేవీ లేకపోతే ఆ సంస్థలో వాలంటీర్లని చూసుకునే కోఆర్డినేటర్‌ని "నేను ఇంకేం చేస్తే మీకు ఉపయోగం?" అని సూటిగా అడగండి. అక్కడివాళ్ళు మొహమాటపడరు, చెబుతారు. పని సరిపడకపోతే చెప్పి అక్కడే వేరే పనికి మారండి. చదువు దెబ్బతింటుంటే గంటలు తగ్గించుకోండి, చోటు మాత్రం మార్చకండి.

9. గంటల లెక్క, వచ్చేముందు పనులు

నోట్‌బుక్‌లో తేదీ, వచ్చిన టైము, వెళ్ళిన టైము, చేసిన పని రాసి, నెలకోసారి సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టించుకోండి. ఏడాది చివర గుర్తుచేసుకుని రాస్తే ఎవరూ సంతకం పెట్టరు, పెట్టకూడదు కూడా.

తిరిగి వచ్చే తేదీ తెలియగానే కనీసం రెండు వారాల ముందు చెప్పండి. మీ స్థానంలో వచ్చేవాళ్ళకి ఒక షిఫ్టు పక్కనుండి చూపించండి. బ్యాడ్జి, వెస్టు, తాళం ఏమున్నా ఇచ్చేయండి. మీరు వాలంటీరుగా చేశారని సంస్థ రాసిచ్చే ఉత్తరం అక్కడ ఉన్నప్పుడే తీసుకోండి, ఇండియా వచ్చాక మెయిళ్ళు పెడితే ఆ కోఆర్డినేటర్ మారిపోయి ఉండవచ్చు. ఉత్తరం లెటర్‌హెడ్ మీద ఉండాలి. మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, మొత్తం గంటలు, మీరు చేసిన పని, జీతం లేకుండా చేశారన్న మాట, సంతకం చేసినవారి హోదా అందులో ఉన్నాయో లేదో అక్కడే చదివి చూసుకోండి. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేరు రాశారా, ఇంటిపేరు ముందుదో వెనకదో తారుమారైందా అన్నది కూడా చూడండి. మనవాళ్ళ ఉత్తరాల్లో ఎక్కువగా తప్పు పడేది అదే.